అటక మీది ఇరవై నాలుగు జతలు

చెప్పుల కొట్టు కొలతాయన ఎంగిలిచేత్తో కాకిని తోలని రకం కాదు. ఆ మాట ముందే చెప్పుకోకపోతే ఆయనకి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. గుమ్మంలోకి వచ్చే మనిషి నడక చూసి ఏడో నంబరో ఎనిమిదో నంబరో ఇట్టే చెప్పేసేవాడు కనుక ఆయనకా పేరు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా అదే కొట్టు, అదే పొట్టి స్టూలు. బడులు తెరిచే రోజుల్లో చేతిలో డబ్బు ఆడటం లేదన్న తల్లితో, "తరవాత ఇద్దువుగానిలే అమ్మా, ముందు పిల్లకి తొడుగు" అన్న సందర్భాలు బోలెడు. రోజుకి అయిదు పూటలా నమాజు, ఏడాదికోసారి జకాత్. రెండూ తప్పేవాడు కాదు.

జకాత్ లెక్క ఆయనకి కొట్టినపిండి. ఒక హద్దుకి మించిన సొమ్ము మనిషి దగ్గర ఏడాది పొడుగునా నిలిచి ఉంటే, అందులో నూటికి రెండున్నర పేదసాదలకి చెందుతుంది. బుద్ధి పుడితే ఇచ్చే దానం కాదది, ఇచ్చి తీరాల్సింది. కొట్లో అమ్మకానికి పెట్టిన సరుకూ ఆ సొమ్ములోకే వస్తుంది. అందుకని చంద్రుడి లెక్కన ఏడాది నిండిన రోజున కొట్టు తలుపు సగం దించి, భార్యాభర్తలిద్దరూ కూర్చుని అరలన్నీ లెక్కపెట్టేవాళ్ళు. ఆవిడ పెట్టెలు చదివేది, ఆయన నోటుపుస్తకంలో రాసేవాడు. ఆవిడ ఒంటిమీది బంగారానికి ఆవిడ జకాత్ వేరే. బట్టలు కుట్టి సంపాదించిన డబ్బులోంచి అది ఆవిడే ఇచ్చుకునేది. అందులో మొగుడి వేలు పెట్టనిచ్చేది కాదు.

ఆ ఏడాది కొట్టు ముందు రోడ్డు తవ్వారు. పైపులు వేస్తామని తవ్విన గొయ్యి ఎనిమిది నెలలు నోరు తెరుచుకునే ఉంది. చెక్కపలక మీద నుంచి గొయ్యి దాటి చెప్పులు కొనడానికి వచ్చేంత ప్రేమ ఎవరికుంటుంది? సరుకు అరల్లోనే ఉండిపోయింది, గల్లాపెట్టె మాత్రం ఎండిపోయింది. లెక్క తీస్తే సరుకూ నగదూ కలిపి ఏడు లక్షల ఇరవై వేలు. జకాత్ పద్దెనిమిది వేలు. గల్లాలో ఉన్నది కొత్త సరుకుకి బయానా కట్టడానికి దాచిన డబ్బు ఒక్కటే.

"బయానా ఆపితే వచ్చే సీజను పోతుంది" అన్నాడాయన.

"జకాత్ ఆపితే?" అంది భార్య.

"ఆపుతానని ఎవరన్నారే?" అని ఆయన తల పైకెత్తి అటక కేసి చూశాడు.

అటక మీద ఆరేళ్ళుగా ఇరవై నాలుగు జతల బూట్లున్నాయి. ముదురు గోధుమరంగు, చీలమండ దాకా వచ్చే ఎత్తు, మందపాటి సోలు. ఏ ముహూర్తాన తెప్పించాడో గానీ ఒక్క జతా కదల్లేదు. అట్టపెట్టెలు చెమ్మకి ఉబ్బిపోయాయి. ధర చీటీ మీద మాత్రం ఏడొందల యాభై అని చక్కగా కనిపిస్తోంది. ఇరవై నాలుగుని ఏడొందల యాభైతో హెచ్చిస్తే పద్దెనిమిది వేలు. పైసా ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"చూశావా, పైవాడు లెక్క ఎలా కుదిర్చాడో!" అని నవ్వాడు. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు. అటకా ఖాళీ అవుతుంది, బాధ్యతా తీరుతుంది.

పెట్టెలు కిందికి దించి దుమ్ము దులుపుతూ ఒక బూటు తిరగేసి, అలవాటు కొద్దీ బొటనవేలితో సోలు నొక్కాడు. ఎండిన రొట్టె అంచులా చిన్న పెళ్ళ విరిగి ఒళ్ళో రాలింది. కొన్ని రకాల సోళ్ళు తొడక్కుండా ఏళ్ళ తరబడి ఉంచేస్తే లోలోపలే చివికిపోతాయని ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్ళు అందులోనే ఉన్నవాడికి తెలియదా? ఆయన ఆ పెళ్ళని దులిపేసుకుని, సోలుని తడిగుడ్డతో తుడిచి, మూత పెట్టేశాడు. తక్కిన జతల్ని నొక్కి చూడలేదు. నొక్కితే ఏం తెలుస్తుందో ఆయన వేలికి తెలుసు.

మర్నాటి నుంచి పంపిణీ. చీటీ రాసుకుని, ఎవరి పాదానికి ఏ నంబరో చూసి మరీ ఇచ్చాడు. పెయింటర్ని మాత్రం కొట్టుకే రమ్మన్నాడు. మసీదు వెనక సందులో రెండు గదుల్లో అద్దెకుంటాడతను. గోడలకి రంగులు వేస్తాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు. అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, కొలతాయనే వంగి లేసులు బిగించాడు.

"ఇంత మంచివి నాకెందుకన్నా! చెప్పులతో నిచ్చెనెక్కడం అలవాటైపోయింది" అన్నాడు పెయింటరు మొహమాటంగా. కానీ కొట్లో అటూ ఇటూ నాలుగడుగులు వేసి, అద్దం ముందు ఆగి, పాదాలకేసే చూసుకుంటూ ఉండిపోయాడు.

"జారవు తమ్ముడూ. నిక్షేపంగా వేసుకో."

ఆ 'నిక్షేపంగా' అన్న మాట తరవాత ఆయన్ని ఎంత కాల్చుకుతిందో చెప్పడం కష్టం.

పన్నెండు రోజులు గడిచాయి. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఇమాంగారు లేచి, పెయింటరు ఎవరింట్లోనో మెట్ల గోడకి రంగు వేస్తూ నిచ్చెన మీద నుంచి పడ్డాడనీ, మడమ ఎముకా కుడి మణికట్టూ విరిగాయనీ, చేతనైనవాళ్ళు సాయం చెయ్యాలనీ చెప్పారు. పక్కన ఉన్నవాళ్ళు "అయ్యో పాపం" అంటున్నారు. కొలతాయన అప్పటికే లేచి ఆస్పత్రికి బయల్దేరాడు.

ఆస్పత్రిలో పెయింటరు మంచం కింద ఆ బూట్లు ఉన్నాయి. ఎడమ కాలిది బాగానే ఉంది. కుడి కాలి దానికి సోలు సగం ఊడి నాలుకలా వేలాడుతోంది.

"మీరు ప్రేమగా ఇస్తే పన్నెండు రోజులైనా సరిగ్గా వాడుకోలేకపోయాను" అన్నాడు పెయింటరు. నొప్పికి పెదాలు తెల్లబడి ఉన్నాయి. "మెట్టుకి తగిలించేసుకుని ఉంటానన్నా. నాదే చూసుకోకపోవడం."

అతని భార్య గోడ పక్కన నిలబడి ఉంది. "పడ్డాక కూడా మీ మాటే, అన్నయ్యా. బూట్లు లేకపోతే ఇంకా ఎక్కువ దెబ్బ తగిలేదంటాడు. ప్రతి నమాజులో మీ మేలు కోరి దువా చేస్తున్నాడు."

అప్పుడు కొలతాయన చేసిన పని చూడండి. వంగి, మంచం కింద నుంచి బూట్లు రెండూ తీసి సంచిలో వేసుకున్నాడు. "బాగుచేయించి తెస్తాను" అన్నాడు. బాగుచేయించడానికి కాదు. ఎవరైనా తెలిసినవాడు వాటిని తిరగేసి చూస్తాడేమోనని. ఆ సంచి పట్టుకుని ఆస్పత్రి మెట్లు దిగుతుంటే, ఎదురొచ్చిన ప్రతివాడూ తన చేతికేసే చూస్తున్నట్టనిపించింది. తేలు కుట్టిన దొంగలా ఇంటికి చేరి, సంచిని బీరువా వెనక దూర్చాడు.

మర్నాడు ఒక కవరులో పదివేలు పెట్టి పెయింటరు ఇంటికి పంపించాడు. కొత్త సరుకు బయానాలోంచి తీసిన డబ్బే. అప్పటికి కొంచెం ఊపిరాడింది. నోటుపుస్తకం తీసి, 'వచ్చే ఏటి జకాత్‌లో ముందస్తు, పదివేలు' అని రాశాడు. సిరా ఆరకముందే భార్య వెనక వచ్చి నిలబడింది.

"అదేం పద్దండీ?"

"పెయింటరుకి పంపించాను కదా, అది."

ఆవిడ పుస్తకం తన వైపు తిప్పుకుని ఒక పేజీ వెనక్కి వెళ్ళింది. "ఇక్కడ సరుకు లెక్కలో అటక మీది బూట్లకి సున్నా వేశారు. చెత్త, అమ్ముడుపోదు అని మీరే అన్నారు. పక్క పేజీలో జకాత్ కింద ఇచ్చేసరికి అవే బూట్లు జత ఏడొందల యాభై. సున్నా గీత దాటేసరికి అంత ఎలా అయ్యిందండీ?"

నిజానికి ఆ సంగతి ఆయనకే తట్టలేదు. రెండు పేజీలూ తన చేతిరాతే, కూర్చున్న చోటునుంచి లేవకుండా రాసినవే.

"ఇప్పుడు ఆ మనిషి కాలు విరగ్గొట్టిన ఖర్చు కూడా దేవుడి పద్దులోనే రాస్తారా?"

"నేను విరగ్గొట్టానా?"

"మీరు బొటనవేలితో నొక్కారు. పెళ్ళ రాలింది. గుడ్డతో తుడిచారు. నేను చూశాను." ఆవిడ పుస్తకం మూసేసింది. "చూసి నోరు మూసుకున్నాను. డబ్బు మిగులుతుందిలే అని నాకూ అనిపించింది. మీ ఒక్కరి పాపం కాదిది."

ఆవిడ తిడితే బాగుండేది. తనూ ఒక కొస పట్టుకుని కూర్చునేసరికి ఆయనకి పారిపోయే దారి లేకుండా పోయింది.

సాయంత్రం మసీదుకి వెళ్ళి, అందరూ కదిలేదాకా ఆగి ఇమాంగారి పక్కన చతికిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, "నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడండీ..." అని మొదలుపెట్టాడు. ఇమాంగారు టోపీ మోకాలి మీద పెట్టుకుని సాంతం విన్నారు.

"ఆ ఒకాయన ఇచ్చినవి బజార్లో పెడితే ఎంతకి పోతాయి?"

"ఏమీ రాదండీ."

"అయితే ఆయన జకాత్ ఇవ్వలేదు. పద్దెనిమిది వేలూ అలాగే ఉంది."

"మరి పడ్డాయన ఖర్చు?"

"అది వేరు. దెబ్బ తగిలించినవాడు దెబ్బ తిన్నవాడికి ఇచ్చుకోవాల్సింది. మన బాకీని జకాత్‌తో తీర్చుకుంటే మన జేబులోంచి తీసి మన జేబులోనే వేసుకున్నట్టు." ఇమాంగారు టోపీ తీసి తలకి పెట్టుకున్నారు. "అసలు చిక్కెక్కడుందో చెప్పనా? జకాత్ ఇచ్చేటప్పుడు మనమేదో పెడుతున్నాం అనుకుంటాం. నూటికి ఆ రెండున్నర మనది కాదు. ఏడాది నిండిన క్షణాన అది వాళ్ళదైపోయింది. మన దగ్గర ఉన్నది దాచిపెట్టమని ఇచ్చిన మూట. ఆ ఒకాయన మూట విప్పి, మంచిది తను ఉంచుకుని, చెత్త కట్టిచ్చాడు. పైగా దాత అనిపించుకున్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు."

కొలతాయన తలెత్తలేదు.

"ఆ ఒకాయనకి చెప్పండి" అన్నారు ఇమాంగారు మెల్లగా. "పశ్చాత్తాపానికి టైముంది. ఇంకా ఇరవై మూడు జతలు ఊళ్ళో తిరుగుతున్నాయి. ముందు వాటి సంగతి చూడమనండి."

ఇరవై మూడు! పెయింటరు గొడవలో పడి ఆ ఊహే రాలేదు. ఎవరు ఏ మెట్లెక్కుతున్నారో, ఏ తడి నేల మీద బరువు మోస్తున్నారో. ఆయన అక్కడి నుంచి లేచినవాడు లేచినట్టే, రోజూ కొట్టుకి వెళ్ళే తన స్కూటరు బేరం పెట్టాడు. తెల్లారి పదింటికల్లా అమ్మేశాడు. కొట్టుకి తాళం వేసి, చీటీ పట్టుకుని, జతకి ఏడొందల యాభై చొప్పున విడివిడి కవర్లు పెట్టుకుని, నడక మొదలుపెట్టాడు. భార్య ఖాళీ గోనెసంచులు పట్టుకుని వెంట వచ్చింది.

ఇచ్చింది వెనక్కి అడగడమంత గడ్డుపని ఇంకోటి లేదని ఆ రెండు రోజుల్లో తెలిసింది. మూటలు మోసే ఒకాయన, "ఇచ్చిన బూట్లు ఊడబీక్కెళ్ళడం ఎక్కడైనా ఉందా?" అని గుమ్మంలోనే నిలదీశాడు. పాడైపోయినవి ఇచ్చాననీ, పడిపోతారనీ చెప్పి, వాటి డబ్బు చేతిలో పెడితే అప్పుడు విడిచాడు. విడిచిన బూటుని కొలతాయన అతని ముందే వంచి చూపించాడు. సోలు మధ్యకి పెళుక్కున విరిగింది. ఆ మనిషి బూటుకేసీ ఈయన మొహంకేసీ చూసి తలుపు వేసుకున్నాడు.

ఇళ్ళల్లో పాచిపని చేసే ఒకావిడ ఉంది. మొగుడికని ఆవిడకి ఒక జత ఇచ్చాడు. ఆవిడ లోపలికి వెళ్ళి పెట్టె తెచ్చింది. మూత పెట్టి మళ్ళీ తాడు కట్టి దాచినట్టుంది.

"మీ ఆయన తొడగలేదా అమ్మా?"

"లేదండీ. పెట్టె తెరవగానే తెలిసింది, ఇవి నిలవవని. తిరిగి ఇచ్చేస్తే మీరు చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాం" అంది ఆవిడ. నిష్ఠూరంగా అన్నది కాదు. నిజంగానే ఆయన మనసు నొప్పించకూడదనుకుంది. "ఇంకా ఇద్దరు ముగ్గురు కూడా అలాగే అనుకున్నారు. అంత సంబరంగా పంచుతుంటే ఎలా చెప్తామండీ మొహం మీద?"

కొలతాయన ఇన్నాళ్ళూ తను పెట్టాననుకున్నాడు. వీళ్ళే తనకి పెట్టారు. తన సంబరం చెడకుండా, చెత్తని నవ్వుతూ అందుకుని, తనని కాపాడారు. అరుగు మీద కూర్చుండిపోయి మొహం చేతుల్లో దాచుకున్నాడు. భార్య ఆ పెట్టె తీసి సంచిలో వేసి, కవరు ఆవిడ చేతిలో పెట్టి, "లేవండి, ఇంకా తొమ్మిది ఇళ్ళున్నాయి" అంది.

రెండో రోజు పొద్దు వాలేసరికి ఇరవై రెండు జతలు సంచుల్లోకి చేరాయి. ఒక్క జత దొరకలేదు. పుచ్చుకున్నాయన అవసరానికి దాన్ని సంతలో ఎవరో దారినపోయేవాడికి అమ్మేశాడు. ఎవరో తెలియదు, ఏ ఊరో తెలియదు. ఆ ఒక్క జత మాత్రం ఇప్పటికీ ఎక్కడో తిరుగుతోందో, ఏ చెత్తకుప్పలోనైనా ఉందో. దాని ఊసు కొలతాయన ఎవరితోనూ ఎత్తడు గానీ, నిద్రలో ఉలిక్కిపడి లేస్తే అదేనని భార్యకి తెలుసు.

ఇక మిగిలింది పెయింటరు ఇల్లు. వెళ్ళడానికి ఇంకో పదిరోజులు పట్టింది. ఆ సందు మొదటిదాకా వెళ్ళి వెనక్కి వచ్చిన పూటలు ఎన్నో. చివరికి ఒకరోజు బీరువా వెనక సంచి తీసుకుని ఒక్కడే వెళ్ళాడు. పెయింటరు కాలు దిండు మీద పెట్టుకుని చాప మీద ఉన్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చి వారమైంది.

"రండన్నా! ఇదిగో, అన్నకి కుర్చీ వెయ్యి" అన్నాడు భార్యతో.

కుర్చీలో కూర్చోలేకపోయాడాయన. చాప అంచున కింద కూర్చుని, ఊడిన బూటు ఇద్దరి మధ్యా పెట్టాడు. "నువ్వు మెట్టుకి తగిలించుకోలేదు తమ్ముడూ. ఇది నేనిచ్చేనాటికే చివికిపోయింది."

పెయింటరు ఆ బూటుని ఎడంచేత్తో తిప్పి చూశాడు. "ఇచ్చేటప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు."

"పూర్తిగా తెలుసా, అనుమానమా?"

అక్కడ ఒక చిన్న సందు ఉంది. అనుమానమేనని ఒక్క మాట అంటే దూరిపోవచ్చు. "ఒకదాని సోలు నొక్కితే పెళ్ళ రాలింది. మిగతావి కావాలనే నొక్కలేదు. గుడ్డతో తుడిచి ఇచ్చాను" అన్నాడు.

పెయింటరు భార్య లోపలికి వెళ్ళి, ఆయన పంపిన కవరు తెచ్చి, బూటు పక్కన పడేసింది. అందులో సగం పైగా అలాగే ఉంది. "నిచ్చెన మీద ఇంకో రెండు మెట్లు పైనుంచి పడుంటే ఏం చేసేవారు?" అంది. "అప్పుడూ కవరేనా?"

"నువ్వుండు" అన్నాడు పెయింటరు. తరవాత కొలతాయన వైపు తిరిగాడు. ఈసారి 'అన్నా' అనలేదు. "చూడండి. ఈ డబ్బు మీరు దయతలిచి ఇచ్చారనుకుని తీసుకున్నాం. దయ నాకక్కర్లేదు. డాక్టరు నాలుగు నెలలు నిచ్చెన ముట్టుకోవద్దన్నాడు. నాలుగు నెలల కూలి, మందుల ఖర్చు, అంతే. ఒక్క పైసా ఎక్కువిచ్చినా పుచ్చుకోను. వారంవారం ఇవ్వండి. కవరులో పెట్టి పంపించడాలు వద్దు. మీరే రావాలి, నా చేతిలో పెట్టాలి."

"అలాగే."

"ఇంకోటి." పెయింటరు బూటుని ఆయన వైపు నెట్టాడు. "ఇన్నాళ్ళూ మీకోసం దువా చేశాను. చేసిందాన్ని వెనక్కి తీసుకోను. ఇకమీద మాత్రం చెయ్యలేను. మనసు రాదు."

నాలుగు నెలలు వారం తప్పకుండా ఆయన ఆ సందులోకి వెళ్ళాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. గుమ్మంలో నిలబడి కూలి డబ్బు ఇచ్చేవాడు, పెయింటరు తీసుకునేవాడు. కొత్త సీజను సరుకు రాలేదు, అరలు బోసిపోయాయి. ఆ ఏడు కొలతాయన నడిచే కొట్టుకి వెళ్ళాడు. పెయింటరు లేచి తిరిగాడు గానీ మడమ మునపటిలా రాలేదు. ఎత్తు గోడలు మానేసి, కిటికీలకీ గేట్లకీ రంగు వేస్తున్నాడు. అందులో సంపాదన సగమే.

మళ్ళీ చంద్రుడి ఏడాది నిండింది. దంపతులిద్దరూ కూర్చుని లెక్క చూశారు. సరుకు తగ్గింది, జకాత్ కూడా తగ్గి పదకొండు వేలైంది. పుచ్చుకోవలసినవాళ్ళ చీటీ రాస్తూ కొలతాయన కలం ఆగిపోయింది.

"రాయండి" అంది భార్య. "అర్హుడు కాదా?"

"అర్హుడే. పుచ్చుకుంటాడా అని."

"అడిగి చూడండి. వద్దంటే ఆ మాటా పడతారు."

ఉదయం పదింటికి పెయింటరు ఒక ఇంటి గేటుకి నల్లరంగు వేస్తుంటే ఆయన వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "జకాత్... నీకు ఇవ్వొచ్చా అని" అన్నాడు నీళ్ళు నములుతూ.

పెయింటరు బ్రష్షు డబ్బా అంచుకి ఒత్తి, పక్కన పెట్టాడు. "నా వాటా ఎంతయింది?"

"రెండు వేలు."

చేతులు గుడ్డకి తుడుచుకుని అందుకున్నాడు. నాలుగు నోట్లు. ఒక్కొక్కటీ ఎండకి ఎత్తి చూశాడు. మూడింటిని జేబులో పెట్టుకుని నాలుగోది చాచాడు.

"మూల చిరిగింది. మార్చివ్వండి."

కొలతాయన జేబులన్నీ తడుముకున్నాడు. ఉన్నవాటిలో కొత్త నోటు ఏదో వెతికి, రెండువైపులా తిప్పి చూసి, ఇచ్చాడు. పెయింటరు దాన్ని మడిచి మిగతావాటితో కలిపి పెట్టుకుని, మళ్ళీ గేటు వైపు తిరిగాడు. సంతోషమనీ అనలేదు, వెళ్ళిరండనీ అనలేదు.